యునిక్స్ వచ్చినవాళ్లు స్మాల్‌టాక్ నేర్చుకోవాలా?

ప్రశ్న: మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సర్వర్ల పని చూస్తున్నాను. పొద్దున లేస్తే యునిక్స్ కుటుంబంలోని లినక్సే. మా టీమ్‌లో పెద్దాయన ఒకరు "యునిక్స్ గట్టిగా వస్తే చాలమ్మా, ఇంకేం అక్కర్లేదు" అంటారు. నాతో చదువుకున్న స్నేహితురాలు ఫ్రాన్స్‌లో ఎంఎస్ చేస్తూ ఫారో అనే స్మాల్‌టాక్ నేర్చుకుంది. "యునిక్స్ కన్నా ఇది ఎంతో ముందుంది, ఒక్కసారి చూడవే" అని పోరుతోంది. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్, ఇంకోటి ప్రోగ్రామింగ్ భాష కదా, అసలు ఈ రెంటినీ ఎలా పోలుస్తారు? నాకు సాయంత్రం దొరికేది ఒక గంట. దాన్ని దేనిమీద పెట్టాలి? నా లాప్‌టాప్ పాతది, సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: ముందు మీ గంట సంగతి చెప్పేస్తాను. వచ్చే రెండు నెలలు దాన్ని స్మాల్‌టాక్ మీద పెట్టండి. యునిక్స్ మీకు పగలంతా ఉద్యోగమే నేర్పిస్తోంది, దానికి సాయంత్రం కూడా ఇవ్వక్కర్లేదు. పైగా ఈ రెండు నెలల తర్వాత మీరు యునిక్స్‌ని ఇప్పటికంటే బాగా అర్థం చేసుకుంటారని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే, మీరు దారిలో అడిగి వదిలేసిన ప్రశ్న దగ్గరికే రావాలి. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ని, ఒక భాషని ఎలా పోలుస్తారు?

పోల్చవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేరు, భాష వేరు అని మనకి కాలేజీలో రెండు సబ్జెక్టులుగా చెప్పారు కాబట్టి మధ్యలో గోడ ఉందనుకుంటాం. స్మాల్‌టాక్ కట్టినవాళ్లు ఆ గోడని ఒప్పుకోలేదు. దాన్ని రాసినవాళ్లలో ముఖ్యుడు డాన్ ఇంగాల్స్. 1981 ఆగస్టులో బైట్ అనే కంప్యూటర్ పత్రిక స్మాల్‌టాక్ మీద ప్రత్యేక సంచిక తెచ్చినప్పుడు అందులో ఆయన ఒక మాట రాశాడు: భాషలో ఇమడని వాటన్నిటినీ పోగేస్తే అదే ఆపరేటింగ్ సిస్టమ్, అసలు అలాంటిది ఉండకూడదు అని. ఊరికే అన్న మాట కాదు. జిరాక్స్ పరిశోధనశాలలో ఆల్టో అనే కంప్యూటర్ మీద స్మాల్‌టాక్ నడిచినప్పుడు విండోలు, ఎడిటరు, తప్పులు వెతికే డీబగ్గరు, ఏ పని ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలరు, అన్నీ స్మాల్‌టాక్‌లోనే ఉండేవి. అటు యునిక్స్‌ని చూసినా అంతే. యంత్రాన్ని నేరుగా నడిపే లోపలి భాగం, అంటే కెర్నెల్ ఒక్కటే యునిక్స్ కాదు. 1973లో దాన్ని సీ భాషలో తిరగరాశారు. అప్పటినుంచి ఆ రెండూ కలిసే పెరిగాయి. మీరు రోజూ కమాండ్లు టైప్ చేసే షెల్ కూడా ఒక భాషే. అంటే ఇటు భాష అని పిలుస్తున్నదాంట్లో ఓఎస్ ఉంది, అటు ఓఎస్ అని పిలుస్తున్నదాంట్లో భాష ఉంది.

రెండూ ఇంచుమించు ఒకే కాలంలో పుట్టాయి. 1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టారు. 1972లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఉన్న ఆ జిరాక్స్ పరిశోధనశాలలో అలాన్ కే ఆలోచనకి ఇంగాల్స్ మొదటి స్మాల్‌టాక్ రూపం కట్టాడు. ఆ తర్వాత అడెల్ గోల్డ్‌బెర్గ్ లాంటివాళ్లు దాన్ని పిల్లల దగ్గరికి, ప్రపంచం దగ్గరికి తీసుకెళ్లారు. రెండు బృందాల ముందూ ఉన్న ప్రశ్న ఒకటే: చిన్న చిన్న ముక్కల్ని కలిపి పెద్ద పని చేయించాలంటే ఆ ముక్కలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి?

యునిక్స్ చెప్పిన జవాబు మీ చేతిలోనే ఉంది. డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే ఆయన 1964లోనే ఒక కాగితం మీద రాసుకున్నాడు: తోటలో నీళ్లు పట్టే గొట్టానికి ఇంకో ముక్క బిగించినట్టు ఒక ప్రోగ్రామ్‌కి ఇంకో ప్రోగ్రామ్‌ని తగిలించగలగాలని. తర్వాత దాన్నే థాంప్సన్ పైప్‌గా చేశాడు. వెబ్ సర్వర్‌కి ఎవరెవరు వచ్చారో రాసి ఉండే లాగ్ ఫైల్లో ఏ చిరునామా నుంచి ఎన్నిసార్లు వచ్చారో మీరు ఎలా తీస్తారో తలుచుకోండి. ఆక్ అనే కమాండ్‌తో ప్రతి లైన్లో మొదటి గడి తీసి, దాన్ని వరసలో పెట్టే సార్ట్‌కి, అక్కణ్నుంచి ఒకేలాంటి లైన్లని కలిపే యూనిక్‌కి లెక్కపెట్టే ఆప్షన్‌తో, మళ్లీ సార్ట్‌కి తిరగేసి, చివర పైనున్న కొన్ని లైన్లే చూపే హెడ్‌కి. యూనిక్ పక్కపక్కన ఉన్న లైన్లనే పోలుస్తుంది కాబట్టి దానికి ముందు సార్ట్ తప్పదు. ఇందులో ఏ ఒక్క ప్రోగ్రామ్‌కీ వెబ్ సర్వర్ అంటే ఏమిటో తెలియదు, ఒకదానికి ఇంకోటి ఉందనీ తెలియదు. మధ్యలో పారేది ఉత్త టెక్స్ట్. సంతలో ఒకరి మొహం ఒకరికి తెలియకపోయినా చెల్లే నాణెం ఒకటే ఉంటే బేరం నడిచిపోయినట్టు, ఇక్కడ చెల్లే నాణెం లైన్లు.

ఈ నాణేనికున్న లోపం కూడా చూడండి. దానికి అర్థం ఉండదు, అర్థం ప్రతిసారీ మనమే పెట్టుకోవాలి. "పెళ్లి ఫోటోలు" అని మధ్యలో ఖాళీ పెట్టి ఒక ఫైలుకి పేరు పెట్టి, ఫైళ్లు వెతికే ఫైండ్ ఇచ్చిన జాబితాని, వాటిని ఇంకో కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కి నేరుగా పంపి చూడండి. దానికి అది రెండు ఫైళ్లు: పెళ్లి ఒకటి, ఫోటోలు ఒకటి. అవతల ఉన్న కమాండ్ తుడిచేసేదైతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మన లిపితో అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. "తెలుగు" అని రాసి చివర కొత్త లైన్ లేకుండా, లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్‌కి ఇవ్వండి. బైట్లు ఎన్ని అంటే 18 అంటుంది. క్యారెక్టర్లు ఎన్ని అంటే 6 అంటుంది. త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం. ఒక్కొక్కటి మూడు బైట్లు. రెండో తరగతి పిల్లని అడిగితే మూడు అక్షరాలు అంటుంది, మనకి సరైన జవాబు అదే. లినక్స్‌లో చాలాచోట్ల కట్ కమాండ్‌తో మొదటి నాలుగు క్యారెక్టర్లు అడిగితే నాలుగు బైట్లు కోసి చేతిలో పెడుతుంది. త దక్కుతుంది, ఎత్వం మూడో వంతు దగ్గర తెగిపోతుంది.

అసలు మన లిపి ఆ పైపుల్లోంచి చెడకుండా వెళ్లగలుగుతోందంటే అది కూడా ఆ యునిక్స్ ఇంటివాళ్ల చలవే. తెలుగుని మోస్తున్న యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో థాంప్సన్, రాబ్ పైక్ కలిసి తయారుచేశారు. పాత ఇంగ్లిష్ ఫైళ్లు ఒక్క బైట్ మారకుండా ఉండాలి, పాత ప్రోగ్రామ్‌లు బెదిరిపోకూడదు, కొత్త లిపులు దారి చేసుకుని వెళ్లాలి. ఇది అచ్చం యునిక్స్ వాళ్ల ఆలోచన: తెలియనివాడు వస్తే దారి ఇవ్వు, లోపల ఏముందని అడక్కు.

ఇక మీ స్నేహితురాలి వైపు చూద్దాం. స్మాల్‌టాక్‌లో మధ్యలో పారే టెక్స్ట్ లేదు. ఉన్నవన్నీ ఆబ్జెక్టులే, అంటే సమాచారాన్నీ దానితో చేసే పనుల్నీ కలిపి ఉంచుకున్న ముక్కలే, వాటి మధ్య నడిచేవి మెసేజ్‌లు. ఆబ్జెక్టులతో ప్రోగ్రామ్ రాయడం (ఓఓపీ) నేర్పే ప్రతి పుస్తకంలో ఉండే మాటే ఇది, కానీ స్మాల్‌టాక్ దాన్ని చివరిదాకా లాక్కెళ్తుంది. ఫారో తెరిచి 2 + 3 * 4 అని రాసి ప్రింట్ చేయమనండి. 20 వస్తుంది. మీకు 14 రావాలనిపిస్తుంది. అక్కడ గుణకారానికి ప్రత్యేక మర్యాద ఏమీ లేదు. 2 అనే ఆబ్జెక్టుకి "+ 3" అనే మెసేజ్ వెళ్లింది, 5 వచ్చింది, ఆ 5కి "* 4" వెళ్లింది. మీరు సీ భాషలోనూ పైథాన్‌లోనూ రాసే ఇఫ్ కూడా అక్కడ భాషలో భాగం కాదు, ట్రూ, ఫాల్స్ అనే ఆబ్జెక్టులకి పంపే మెసేజ్. మౌస్‌తో ఆ ఆబ్జెక్టుల నమూనా అయిన క్లాసు దగ్గరికి వెళ్లి దాన్ని ఎలా రాశారో చదవొచ్చు. విండో ఎలా గీస్తుందో, డీబగ్గర్ ఎలా పనిచేస్తుందో కూడా అలాగే తెరిచి చదవొచ్చు. తాళం వేసిన గది ఆ ఇంట్లో దాదాపు లేదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం డీబగ్గర్. 2004 ప్రాంతంలో ఒక విదేశీ క్లయింట్‌కి బీమా లెక్కలు చేసే పాత స్మాల్‌టాక్ ప్రోగ్రామ్‌ని చూసుకునే పని మా టీమ్‌కి వచ్చింది. అప్పటిదాకా నాకు తెలిసిన పద్ధతి ఒకటే: ప్రోగ్రామ్ పడిపోతుంది, శవపరీక్ష చేస్తాం, సరిచేసి మొదటినుంచి నడుపుతాం. ఒక రాత్రి ఆ ప్రోగ్రామ్ నలభై నిమిషాలు లెక్కలు చేసి, సరిగ్గా చివర్లో ఒక ఆబ్జెక్టుకి తెలియని మెసేజ్ వెళ్లి ఆగింది. పడిపోలేదు, ఆగింది. డీబగ్గర్ విండో తెరుచుకుంది. లోపల అన్ని విలువలూ ప్రాణంతో ఉన్నాయి. పక్కనున్న సీనియర్, ఆ మెసేజ్‌కి జవాబిచ్చే కోడ్‌ని, అంటే అప్పటిదాకా లేని మెథడ్‌ని ఆ విండోలోనే నాలుగు లైన్లు రాసి, సేవ్ చేసి, ప్రొసీడ్ అనే బొమ్మ నొక్కారు. ప్రోగ్రామ్ ఆగిన చోటినుంచే, ఏమీ జరగనట్టు, ముందుకి వెళ్లిపోయింది. నలభై నిమిషాల పని ఒక్క లెక్క కూడా పోలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా కోర్ డంప్ (పడిపోయిన ప్రోగ్రామ్ మెమరీ నకలు) తెరిచిన ప్రతిసారీ ఆ రాత్రి గుర్తొస్తుంది.

ఇదంతా ఎలా కుదురుతుందంటే, ఆ లోకం మొత్తం ఇమేజ్ అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. మీరు రాసిన క్లాసులు, తెరిచిపెట్టిన విండోలు, సగంలో ఉన్న లెక్కలు, అన్నీ. లాప్‌టాప్ మూత వేసి మళ్లీ తెరిస్తే అన్నీ ఉన్నచోటే ఉంటాయి కదా, అలాంటిది. అయితే ఆ ఫైలుని ఇంకో కంప్యూటర్‌కి, ఇంకో ఓఎస్‌కి కూడా పట్టుకెళ్లొచ్చు.

అదే ఇమేజ్ మమ్మల్ని ఏడిపించింది కూడా. ఆ బీమా ప్రోగ్రామ్ ఇమేజ్‌ని ఏళ్ల తరబడి ఒకరినుంచి ఒకరు కాపీ చేసుకుంటూ, సేవ్ చేసుకుంటూ వచ్చారు. మేం ఒక శుభ్రమైన కొత్త ఇమేజ్‌లో కోడ్ అంతా ఎక్కించి నడిపితే వడ్డీ లెక్క తేడా వచ్చింది. కోడ్‌లో తప్పు లేదు. ఎవరో ఎప్పుడో ఒక విండోలో రెండు లైన్లు నడిపి ఎక్కడినుంచైనా కనిపించే ఒక గ్లోబల్ వేరియబుల్‌లో విలువ పెట్టి వెళ్లారు. ఆ రెండు లైన్లు ఏ కోడ్‌లోనూ లేవు, వాటి ఫలితం మాత్రం ఇమేజ్‌లో బతికే ఉంది. దాన్ని పట్టుకోవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. పైథాన్ నోట్‌బుక్‌లో సెల్స్ అనే కోడ్ ముక్కల్ని అటూ ఇటూ నడిపి, తర్వాత మొదటినుంచి నడిపితే వేరే జవాబు వచ్చిన అనుభవం మీకుంటే, ఇది దానికి పెద్దన్న.

ఇప్పుడు రెండు దారుల్లో నా తీర్పు. స్మాల్‌టాక్ ఒక ఉమ్మడి ఇల్లు. అందరూ ఒకే భాష మాట్లాడతారు, ఎవరి గదిలోకైనా వెళ్లొచ్చు, ఏ గోడనైనా ఉన్నపళాన మార్చొచ్చు. ఇల్లు నడుస్తుండగానే. కానీ బయటివాడు రావాలంటే ఆ ఇంటి భాష నేర్చుకుని, ఆ ఇంట్లోనే కాపురం పెట్టాలి. పైగా అందరిదీ ఒకే మెమరీ, కాబట్టి ఒకరు మూలస్తంభాన్ని కదిలిస్తే అందరి నెత్తినా పడుతుంది. యునిక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కీ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ, దాని ప్రహరీ దానికి ఉంది. పక్కవాడు కూలిపోయినా మీది నడుస్తుంది. పక్కవాడు జావానో, పైథానో, నలభై ఏళ్ల నాటి సీ ప్రోగ్రామో మీకు అనవసరం. ఇవాళ ఫారో కూడా లినక్స్ మీద ఒక మామూలు ప్రాసెస్‌గానే నడుస్తుంది. యునిక్స్‌లో స్మాల్‌టాక్ ఇమిడింది, స్మాల్‌టాక్‌లో యునిక్స్ ఇమడలేదు. యునిక్స్ గెలుపుకి నా దృష్టిలో అసలు కారణం ఈ పరాయివాళ్లకి దారివ్వడమే.

చరిత్ర కూడా కలిసొచ్చింది. 1956లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ కంప్యూటర్ వ్యాపారంలోకి దిగడానికి వీల్లేదు. అందుకని యునిక్స్‌ని యూనివర్సిటీలకి సోర్స్ కోడ్‌తో సహా తక్కువ ధరకి ఇచ్చారు. కుర్రాళ్లు దాన్ని చదివారు, మార్చారు, బర్కిలీ యూనివర్సిటీలో బీఎస్‌డీ అనే యునిక్స్ రూపం పుట్టింది. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ పాత యునిక్స్ కోడ్ ఒక్క ముక్క తీసుకోకుండా అదే ఆలోచనతో లినక్స్ మొదలుపెట్టాడు. దీన్ని కుటుంబం అనడం అందుకే, రక్తం కాకపోయినా నడవడిక ఒకటే. స్మాల్‌టాక్ మాత్రం చాలాకాలం ఖరీదైన యంత్రాల మీద, ఖరీదైన లైసెన్సుల వెనక ఉండిపోయింది. 1995లో జావా ఉచితంగా వచ్చేసరికి కంపెనీలు అటు మళ్లాయి.

మీ స్నేహితురాలికి ఒక సంగతి చెప్పండి, సంతోషిస్తుంది. ఆ జావాని వేగంగా నడిపించే హాట్‌స్పాట్ ఇంజిన్ వెనక స్మాల్‌టాక్ కోసం పనిచేసిన మనుషులే ఉన్నారు. ఐఫోన్ లోపల అడుగున ఉన్నది బీఎస్‌డీ యునిక్స్ వారసత్వం, దాని మీద ఆపిల్ ఏళ్ల తరబడి వాడిన ఆబ్జెక్టివ్-సీ అనే భాషలో మెసేజ్‌లు స్మాల్‌టాక్‌వి. పిల్లలు ఆడుకునే స్క్రాచ్ మొదటి రూపం స్క్వీక్ అనే స్మాల్‌టాక్‌లోనే రాశారు. ఇటు ఫారో వాళ్లు కూడా ఇమేజ్ బాధ తెలిసి, ఇప్పుడు కోడ్‌ని క్లాసుకో ఫైలు చొప్పున టెక్స్ట్‌గా రాసి, కోడ్ మార్పుల్ని భద్రపరిచే గిట్‌లో పెడుతున్నారు.

కాబట్టి "ఎంతో ముందుంది" అన్న ఆమె మాట సగం ఒప్పుకుంటాను. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని తెరిచి చూడటంలో, అక్కడికక్కడ మార్చడంలో స్మాల్‌టాక్ ఇప్పటికీ ముందే ఉంది. పరాయివాళ్లతో కలిసి బతకడంలో యునిక్స్ ముందుంది. మీ పెద్దాయన మాట జీతం వరకు నూటికి నూరుపాళ్లు నిజం. స్మాల్‌టాక్ ఉద్యోగాలు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రెజ్యూమే కోసం అయితే దాని జోలికి వెళ్లకండి.

మీరు చేయాల్సిన పని ఒకటి చెప్తాను. మొదటి రెండు వారాలు ఫారోలో లోపలే ఉండే పాఠం, దాని వెనకున్న ఇన్‌రియా అనే ఫ్రాన్స్ పరిశోధన సంస్థ ఉచితంగా పెట్టిన వీడియో పాఠాలు చాలు. తర్వాత పైన చెప్పిన లాగ్ లెక్కనే తీసుకోండి, రోజూ చేసేదే. ఫైల్లోని లైన్లని తీసుకుని, ప్రతిదాంట్లో మొదటి మాట ఏరి, అన్నిటినీ బ్యాగ్ అనే ఆబ్జెక్టులో వేయండి. బ్యాగ్‌లో ఒకే వస్తువు ఎన్నిసార్లు పడితే అన్నిసార్లూ గుర్తుంటుంది. లెక్కలు వరసగా ఇమ్మని ఒక మెసేజ్ పంపితే అయిపోయింది. సార్ట్, యూనిక్, మళ్లీ సార్ట్, మూడూ అందులోనే. ఆగిపోకండి, ఆ బ్యాగ్ మీద నొక్కి లోపలికి వెళ్లండి. అడుగున ఒక డిక్షనరీ, అంటే ఒక్కో వస్తువుకి దాని లెక్కని జతచేసి ఉంచే పట్టిక కనిపిస్తుంది. యూనిక్ లోపల ఏముందో మీరు మూడేళ్లలో ఎప్పుడైనా చూశారా? చూడాలనిపించలేదంటే తప్పు మీది కాదు, ఆ దారి అంత దగ్గరగా లేదు.

ఆ తర్వాత అదే పనిని పది జీబీ లాగ్‌తో చేయండి. లైన్లన్నీ ఒకేసారి మెమరీలోకి లాగితే ఫారో చతికిలపడుతుంది. యునిక్స్ సార్ట్ మాత్రం మెమరీ నిండితే మధ్యలో ముక్కలుగా డిస్క్ మీద పెట్టుకుంటూ, చివర్లో కలుపుకుంటూ పని ముగిస్తుంది. మీరు రోజూ వాడే కమాండ్ ఇంత పని చేస్తోందని నాకూ చాలాకాలం తెలియదు. ఈ రెండు సాయంత్రాలు పక్కపక్కన పెట్టుకుంటే మీ ప్రశ్నకి నాకంటే మీరే బాగా జవాబు రాస్తారు.

లాప్‌టాప్ గురించి బెంగ వద్దు. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే ధారాళంగా సరిపోతుంది, ఫారోకి పైసా ఖర్చు లేదు, విండోస్ మీదా లినక్స్ మీదా నడుస్తుంది. పది జీబీ లాగ్ ప్రయత్నించే ముందు మాత్రం ఇమేజ్‌ని ఇంకో పేరుతో కాపీ పెట్టుకోండి. రాసిన కోడ్‌ని మొదటి రోజునుంచే గిట్‌లో వేయండి. ప్రతి ఆదివారం ఒక కొత్త ఇమేజ్ దింపుకుని, గిట్‌లోంచి మీ కోడ్ ఎక్కించి, పాత ఇమేజ్‌లో వచ్చిన జవాబే ఇక్కడా వస్తోందో లేదో చూసుకోండి.